ఇత్తడి బిందెకు కాగితం చొక్కా

ముందే చెప్పేస్తున్నాను, ఇది ఒక బిందె కథ. ఆ బిందెలో మునిగిపోయింది నా పరువు. అదీ ఎక్కడ? వియ్యపురాలి ఊళ్ళో, వీధి కుళాయి దగ్గర, ఆడాళ్ళందరూ నీళ్ళు పట్టుకోవడం కూడా మానేసి చూస్తుండగా. పరువు పోగొట్టుకోవడానికి అంతకన్నా వసతైన చోటు ఎక్కడా దొరకదు.

నాకు చదువు పెద్దగా లేదు. మూడో తరగతిలో పుస్తకం చిరిగిపోతే, కొత్తది కొనడం దండగని మా అయ్య బడే మాన్పించేశాడు. పొదుపు మా వంశంలోనే ఉంది. మా ఇంట్లోంచి ఏ వస్తువూ ఊరికే బయటకు పోదు. చీర చిరిగితే బొంత అవుతుంది, బొంత చిరిగితే మసిగుడ్డ అవుతుంది, మసిగుడ్డ చిరిగితే దీపానికి వత్తి అవుతుంది. మా ఆయన్ని కూడా అలాగే వాడుకుంటున్నాను. ఇంకా వత్తి దాకా రాలేదు.

అప్పటికి నాకు యాభై దాటి ఎంతో కాలం కాలేదు. అంటే బొత్తిగా చిన్నతనం. మా అమ్మాయి సుజాత పురిటికని శృంగవరపుకోటలో మా ఇంటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఇక తల్లినీ పిల్లనూ సారెతో అత్తారింటికి సాగనంపాలి. చలిమిడి, లడ్డూలు, అరిసెలు, చీర, పసుపు కుంకుమలు. అన్నిటికీ మించి, మా అమ్మ నాకిచ్చిన ఇత్తడి బిందె. అది సారెతో పంపుతానని పెళ్ళిపందిట్లోనే, నలుగురిలో, వియ్యపురాలు పైడమ్మకి మాటిచ్చేశాను. పందిట్లో మనిషికి నోరు ఊరుకోదు కదా.

పైడమ్మది కొత్తవలస. మంచి మనిషి. ఉన్నదల్లా ఒక్కటే లోపం, ఏదీ మర్చిపోదు. ఎప్పుడు ఫోను చేసినా, "వదినా, బాగున్నావా? బిందె బాగున్నాదా?" అని మా ఇద్దరి ఆరోగ్యం కలిపి అడిగేది. ఆ బిందె చేరకపోయినా, సొట్టపడి చేరినా, నా కూతురు ప్రతి పండక్కీ "మీయమ్మ మాట తెల్సునే" అనిపించుకోవాలి. మాట నాది, పడేది అది. అందుకే నాకు అంత బెంగ.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా పొదుపు సంఘం మీటింగుకి ఒక మేడమ్ వచ్చింది. చెత్తకాగితం మళ్ళీ కాగితం ఎలా అవుతుందో చెప్పడానికి వచ్చిందట. చిన్నపిల్ల, సన్నటి గొంతు.

"పాత కాగితాలు నీళ్ళలో నానబెట్టి గుజ్జు చేస్తారమ్మా. జల్లెడ పట్టి పిన్నులూ జిగురూ తీసేస్తారు. సిరా కడిగేస్తారు. ఆ గుజ్జు పలచగా పరిచి, నీళ్ళు పిండి, ఆరబెడితే మళ్ళీ కాగితం. కొత్తగా చెట్లు కొట్టడం తగ్గుతుంది, నీళ్ళూ కరెంటూ కలిసొస్తాయి, ఊరి చివర చెత్తకుప్ప తగ్గుతుంది" అంది.

నేను ప్రతి మాటకీ గంగిరెద్దులా తలూపాను. ఇందులో కొత్తేముంది? మా అమ్మ కాగితాలు నానబెట్టి, మెంతులు వేసి రోట్లో రుబ్బి, బోర్లించిన బేసిను మీద పూసి, చక్కటి బుట్టలు చేసేది. నేను చూశాను. చెయ్యలేదు, చూశాను. గట్టు మీద కూర్చుని ఈత కూడా చూశాను, రెండూ ఒకటే లెక్క.

"ఇప్పుడు, ఏ కాగితాలు దీనికి పనికిరావంటే..." అని మేడమ్ మొదలుపెట్టింది. అప్పుడే టీ వచ్చింది. నా జాతకమంతా అక్కడే ఉంది. లాభాలన్నీ కూర్చుని విన్నాను, హద్దులు చెప్పేవేళకి లేచి టీ వరసలో నిలబడ్డాను. తాగి ఊరుకున్నానా? అందరూ పారేసిన కాగితం కప్పులన్నీ ఏరి కొంగున మూటకట్టాను.

మా వీధి ఎర్రమ్మ చూసింది. "ఏటే అప్పలనర్సమ్మా, ఎంగిలి కప్పులు ఏరుతన్నావు?"

"మేడమ్ సెప్పింది ఇన్నేదేటే? కాగితం పారీకూడదంట."

"ఆ పిల్ల ఇప్పుడు ఆ కప్పుల గురించే ఏదో సెప్తన్నాది. ఒక్క సెనం ఇను."

"నాకు తెల్సులేవే."

నీళ్ళూ నిప్పూ ఎంతమందిని మింగాయో నాకు తెలియదు కానీ, 'నాకు తెల్సు' అనే మాట మింగినంతమందిని మాత్రం మింగి ఉండవు.

ఇంటికొచ్చి పెద్ద గాబులో కాగితాలు నానబెట్టాను. పాత పేపర్లు, అట్టపెట్టెలు, కోడిగుడ్ల అట్టలు, కొట్లో ఇచ్చే బిల్లులు, ఆ ఎంగిలి కప్పులు. చాలక, సుజాత పెళ్ళికి పంచగా మిగిలిన శుభలేఖలు కూడా వేసేశాను. తళతళలాడే నున్నటి కార్డులు, మీద బంగారురంగు వినాయకుడు. అటకమీద ఊరికే పడి ఉంటే వినాయకుడికి మాత్రం ఏం తోస్తుంది?

నానాక దంచాను. పేపర్లు వెన్నలా మెదిగాయి. కోడిగుడ్ల అట్టలు పులుసులా కరిగిపోయాయి. కప్పులూ కార్డులూ మాత్రం పంతం పట్టాయి. రోకలెత్తి పొడిచాను. వాటికి దెబ్బ తగల్లేదు, నా భుజానికి తగిలింది. పప్పులో రాయి వచ్చిందని పప్పంతా పారేస్తామా? అలాగే మెంతిపిండిలో కలిపేశాను.

ఇక్కడ నా తెలివి చూడండి. అమ్మ బిందె వెళ్ళిపోతోందంటే మనసు పీకుతోంది. వెళ్ళేముందు దాని మీద పూసి, అచ్చు అలాంటిదే కాగితం బిందె ఒకటి తీసి ఉంచుకుంటే? పప్పులు పోసుకోవచ్చు, అమ్మను తలుచుకోవచ్చు. ఒక బిందెతో రెండు బిందెలు! కింద నుంచి మెడ దాకా, బెత్తెడు చోటు వదలకుండా పూశాను. పూసేముందు మధ్యలో గుడ్డ వెయ్యాలి, గుడ్డ పాడవుతుందని వెయ్యలేదు. నూనె అయినా రాయాలి, నూనె దండగని రాయలేదు.

మా ఆయన వచ్చి నిలబడ్డాడు. "ఒసే, ఏటే ఇది? బిందెకి కాలిరిగిందేటి, కట్టు కడతన్నావు?"

"దీని అచ్చు తీస్తన్నాను మావా."

"మీయమ్మ బేసిను బోర్లించి పైపైన పూసేది గదే?"

"సగం పూస్తే సగం వస్తాది. మొత్తం పూస్తే మొత్తం వస్తాది. ఆమాత్రం లెక్క తెల్దా?"

"లెక్క బాగున్నాది. బిందె పొట్ట లావు, పీక సన్నం. లోపలున్న బిందె బయటికెలగొస్తాదే? పురుడోసుకుంటాదా?"

"ఎండితే అదే వస్తాది. నీకేటి తెల్సు, ఊరుకో."

ఆయన ఊరుకున్నాడు. ఊరుకున్న మొగుడంత ప్రమాదం మరొకటి లేదు. అంటే తర్వాత మాట్లాడటానికి దాచుకుంటున్నాడని అర్థం.

మబ్బులు పట్టి అది సారె వేళ దాకా ఎండనే లేదు. ఎండాక ఏమయింది? కాగితం ఆరేకొద్దీ బిగుస్తుందని నాకెవరు చెప్పారు? (మేడమ్ చెప్పే ఉంటుంది, టీ వేళలో.) పెళ్ళినాటి జాకెట్టు ఇప్పుడు తొడుక్కున్నట్టు బిందెను పట్టేసింది. లాగాను, తిప్పాను, బతిమాలాను. నేను పట్టిన కుందేలుకి మూడు కాళ్ళు కాదు, అసలు కాళ్ళే లేవు.

బయట ఆటోవాడు హారను మోగిస్తున్నాడు. "కత్తెట్టి కోసీయే" అన్నాడు మా ఆయన.

"ఇత్తడికి గీతడిపోద్ది!"

"పోనీ నీళ్ళలో ఎట్టు. నానిపోద్ది."

"ఇన్నాళ్ళు ఆరబెట్టింది మళ్ళీ తడుపుతానా? నీకు మతుండే మాటాడతన్నావా?"

గబగబా సున్నం పూసి, ఎర్రటి జాజుమట్టితో గీతలు పెట్టి, పసుపు బొట్లు దిద్దాను. లోపల లడ్డూలు నింపాను. దూరం నుంచి చూస్తే పెళ్ళికూతురు, దగ్గరికొస్తే పెళ్ళిపందిట్లో పెట్టే అరివేణికుండ. ఆటోలో మా ఆయన పక్కన సుజాత పసిపిల్లను ఎత్తుకుని, "అమ్మా, ఈ మెంతుల కంపేటే?" అని దారి పొడుగునా ముక్కు మూసుకుంది. కొత్తవలసలో దిగగానే ఒక మేక వచ్చి బిందెను ఆప్యాయంగా నాకింది. ఆ రోజు నా పనితనాన్ని మెచ్చుకున్న ప్రాణి అదొక్కటే.

పైడమ్మ దిష్టి తీసి, మనవరాలిని ముద్దాడి, నేరుగా విషయానికొచ్చింది. "వదినా, బిందేదీ?"

"ఇదిగో."

"ఇది కుండ గదా!"

"కుండ కాదు వదినా. బిందే. పైన కాగితం."

"కాగితమా!" సారె చూడ్డానికి వచ్చిన ఆడాళ్ళు ఒకరిమీద ఒకరు ఒరిగి చూశారు. ఒకామె వేలితో తట్టింది. ఖంగుమనాల్సిన బిందె దబ్‌దబ్ మంది, జలుబు చేసిన మనిషిలా. పైడమ్మ లడ్డూలు పళ్ళెంలో దింపి లోపలికి తొంగిచూసింది.

"లోపల ఇత్తడే ఉన్నాది. మరి పైన ఈ అతుకేటి వదినా? ఏదీ దాచకుండా సెప్పు, సిల్లడిందా?"

"సిల్లా!"

"సిల్లు నేకపోతే బిందెకి పట్టీ ఎవులేస్తారే?" అంది తట్టిన ఆమె.

సుజాత ముఖం పాలిపోయింది. చూశారా, మాట నాది, పడేది అది. ముందు వియ్యపురాలు, వెనక మొగుడు, మధ్యలో కాగితం. అతుక్కుపోయిందని ఒక్క ముక్క చెప్పేస్తే సరిపోయేది. ఆ ముక్క చెప్పడానికి నోరు రాలేదు, గొప్పకి మాత్రం వచ్చింది.

"మాయమ్మ బిందెకి సిల్లా? పదండి కుళాయికాడికి! నీల్లట్టి సూపిస్తాను. ఒక్క సుక్క కారితే నా పేరు అప్పలనర్సమ్మ కాదు!"

మా ఆయన చెవిలో, "ఒసే, కాగితమే, నీల్లే..." అన్నాడు. నేను వింటానా?

కుళాయి కింద పెట్టాను. బిందె నిండింది. చుక్క కారలేదు. నడుం మీద చేతులు వేసుకుని వీధంతా ఒకసారి కలియజూశాను. ఆ కలియజూడటంలో కుళాయి కట్టెయ్యడం మరిచాను. బిందె పొంగి పొర్లింది. నీళ్ళు ఆ కాగితం చొక్కా మీదుగా దిగాయి. ముందు సున్నం కారింది. తర్వాత జాజు కారింది. ఆ తర్వాత, గుడ్ల అట్టల పులుసున్న వైపు, చొక్కా పొట్ట దగ్గర చిరిగి జారిపోయింది. వీధి మధ్య బిందె నడుం దాకా బట్టల్లేకుండా నిలబడింది.

"ఓలమ్మో, ఇత్తడే!" అన్నారందరూ.

బతికిపోయాను అనుకున్నాను. అంతలో కింద పారుతున్న గుజ్జులోంచి టీకప్పుల తొక్కలు ఒక్కొక్కటే తేలాయి, చెక్కుచెదరకుండా. వాటి వెనకే బంగారురంగు వినాయకుడు ఈదుకుంటూ వచ్చాడు. ఆయన వెనక సగం చిరిగిన అట్ట మీద మా సుజాత పేరు, పైడమ్మ కొడుకు పేరు, నిగనిగలాడుతూ.

పైడమ్మ వంగి తీసింది. "వదినా... ఇది మా అబ్బాయి సుబలేక గదా?"

ఆడాళ్ళందరూ బిందెను వదిలేసి ఆ ముక్క మీదకు వంగారు.

"సుబలేకలు రుబ్బీసినావా?"

"మిగిలినవే వదినా... రోకలట్టి దంచినాను గానీ..."

"అమ్మా!" అంది సుజాత. దాని గొంతు పసిపిల్ల గొంతుకంటే చిన్నగా వచ్చింది.

పైడమ్మ ఆ ముక్కను అటు తిప్పింది, ఇటు తిప్పింది. గోటితో గీకింది. చింపబోయింది, చిరగలేదు. నన్ను చూసింది, నా భుజాలు చూసింది. ఉన్నట్టుండి పెద్దగా నవ్వింది.

"సూడండే! మా వదిన రోకలెత్తి దంచినా నలగనేదు! మెంతులేసి రుబ్బినా కలవనేదు! నీల్లలో ఇసిరినా ఇద్దరి పేర్లూ ఒకదాన్నొకటి ఒగ్గనేదు! మా పిల్లల కాపరం ఇంత గట్టిది!" అని ఆ ముక్క తుడిచి, పసుపు రాసి, దేవుడిగూట్లో పెట్టేసింది. వీధి వీధంతా చప్పట్లు. నా పరువు పోయింది, నా కూతురి పరువు పెరిగింది. అలాంటి బేరం మళ్ళీ దొరకదు. సుజాత అప్పటికి ఊపిరి తీసుకుంది.

పైడమ్మ ఊరుకుందా? మంచి గుజ్జంతా ఏరి, సందులు పడ్డ తన పాత చేట మీద పూసుకుంది. "కాగితం ఒంటిగా నిలబడదు వదినా. సేటలో ఎదురుబద్ద ఎముకనుకో, కాగితం తోలు" అని నాకే పాఠం చెప్పింది. ఆ చేట ఈనాటికీ ఉంది. నేను వెళ్ళిన ప్రతిసారీ, చెరగడానికి బియ్యం లేకపోయినా, నా ముందు చెరుగుతుంది.

తర్వాతి మీటింగులో ముందు వరసలో కూర్చుని మేడమ్‌ని అడిగాను. టీకప్పులకి లోపల పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుందట. మెరిసే కార్డులకీ అంతే. కొట్లో బిల్లులకి ఏదో మందు పూత. ఇక కాగితం మంచిదే అయినా, నానబెట్టిన ప్రతిసారీ దాని పోగు పొట్టిదవుతుందట. గుడ్ల అట్టలు అప్పటికే ఎన్ని జన్మలెత్తాయో, నా చేతికి వచ్చేసరికి నీరసపడ్డాయి. "కిందటిసారి ఇవన్నీ చెప్పాను కదమ్మా" అంది ఆ పిల్ల. "ఆ రోజు నాను టీలో ఉన్నానమ్మా" అన్నాను.

మనవరాలి అన్నప్రాసనకి మళ్ళీ కొత్తవలస వెళ్ళాం. భోజనాలయ్యాక అందరికీ జాకెట్టుముక్కలు పెట్టింది పైడమ్మ. నాకు మాత్రం ప్రత్యేకంగా ఒక గుడ్డసంచీ, నిండుగా, మూతి కట్టి, బొట్టు పెట్టి ఇచ్చింది. పట్టుచీరేమోనని నలుగురిలో విప్పాను. నిండా టీకప్పుల తొక్కలు, వినాయకుళ్ళు.

"ఇవి అరగనేదు వదినా" అంది. "నీ కాగితాలు నీకే."

కాబట్టి నా కాళ్ళ మట్టెలు సాక్షిగా, అటకమీది రోకలి సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను. బొందిలో ప్రాణం ఉన్నంతవరకు బిందెకు చొక్కా తొడగను. వినాయకుణ్ణి రుబ్బను. మీటింగులో హద్దులు చెప్పేటప్పుడు, టీ కాదు కదా, అమృతం వచ్చినా లేవను. తర్వాత తాగినా, ఇంటినుంచి నా గ్లాసు నేనే పట్టుకెళతాను. ఆ తొక్కలన్నీ చెత్తబండివాడికి ఇచ్చేశాను.

సంచీ మాత్రం ఇవ్వలేదు. గట్టి సంచీ.