చిలక అదే, చెట్టు వేరు

బుక్కరాయసముద్రంలో మా గిటారు మాస్టరు పోయారని సోమవారం కబురొచ్చింది. వెళ్లేసరికి ఇంటి ముందు చాపల మీద పది మంది కూర్చుని ఉన్నారు. వాళ్ల నోట ఒకటే మాట: "మంచోడే గానీ మొండోడప్పా. రవ్వంత సర్దుకోని ఉంటే బాగుపడుతుండె." చావింట్లో వాదన పెట్టుకోకూడదని ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను. ఆయన మొండివాడు కాదు. ఆయన సర్దుకోనిది ఒక్క విషయంలోనే. అందులో నా పరువు ఉంది కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాల్సింది నేనే.

ఏడెనిమిదేళ్ల కిందట, ముప్పై ఎనిమిదో ఏట, ఆయన దగ్గర గిటారులో చేరాను. పిల్లలు బడికి పోయాక నాకు గంటన్నర తీరిక దొరికేది. "ఏమక్కా, ఆర్కెస్ట్రాలో చేరతాండావా?" అని వీధిలో నవ్వేవారు. మాస్టరు నవ్వలేదు. "ముందు ఎడమచేతి గోళ్లు కత్తిరించుకోని రా తల్లీ" అన్నారు. అంతే, పాఠం మొదలైంది.

అనంతపురం బజారులో వాయిద్యాల అంగడి మీది గది ఆయనది. అంగడి సావుకారు అద్దె అడిగేవాడు కాదు. శిష్యులందరూ కింద అంగట్లోనే గిటారు కొనాలి, అదీ ఒప్పందం. మాస్టరు ధర్మవరంలో మగ్గాల మధ్య పెరిగిన మనిషి. వేలితో తడిమి చూడందే దేన్నీ నమ్మేవారు కాదు. ఎండాకాలం వస్తే గిటార్ల దగ్గర ముంతెడు నీళ్లు పెట్టేవారు, గాలిలో కాస్త తేమ ఉంటే చెక్క ఎండి చీలదని. "మనుషులకే బిందె నీళ్లు లేకుంటే కట్టెకు నీళ్లా?" అని ఎవరైనా దెప్పితే, "నేను తాగేదాంట్లో మిగిల్చిందే లేప్పా" అనేవారు.

అప్పట్లో మా వైపు కొనేదంతా చిలక గిటారే. తల మీద పచ్చ చిలక బొమ్మ ఉండేది. కలకత్తాలో ఒక తండ్రీ కొడుకులు చేసేవారు. మాస్టరు ఒకసారి అక్కడికి వెళ్లి చూసొచ్చారు. మూడు ఎండాకాలాలు అటక మీద ఆరిన పలకకు తప్ప వాళ్లు రంపం పెట్టరట. నేను చేరిన ఏడాదే ఆ కార్ఖానాను పేరుతో సహా ఒక పెద్ద కంపెనీ కొనేసింది.

"చిలక అదే, పేరదే, పనోళ్లు గూడా వాళ్లే అంట. ఇంకేం మారిందప్పా?" అన్నాడు సావుకారు.

"చిలక అదే సావుకారూ. చెట్టు మారింది. కంపెనీకి మూడేండ్లు కాచుకునే ఓపిక యాడిది?"

"అట్లయితే అటు తిరిగి కూచో. ఏది పాతదో ఏది కొత్తదో చెవితో చెప్పు."

మాస్టరు గోడకేసి తిరిగి కూర్చున్నారు. ఆయన పాత గిటారు మీద, అంగట్లోని కొత్త దాని మీద, నాకు వచ్చిన ఒకే ఒక స్వరగుచ్ఛాన్ని మార్చి మార్చి మీటాను. ఆయన కాసేపు ఆలోచించి కొత్తదాన్ని పాతది అన్నారు. సావుకారు తొడ చరుచుకుని నవ్వాడు.

"యాడ పాయె మాస్టరూ నీ చెట్టు?"

"ఓడిపోయినా" అన్నారు మాస్టరు, ముఖం చిన్నబుచ్చుకోకుండా. నా వైపు తిరిగి, "కొనుక్కో తల్లీ. ఈ పొద్దుకు రెండూ ఒకటే. బిరడాలైతే కొత్తదానివే మేలు, తీగ జారదు. కానీ చెవి మోసపోతాది, మన ఎండ మోసపోదు. నెలకొకతూరి మెడ అంచున బొటనవేలు రాసి, ఏం తగిలిందో రాసిపెట్టు" అన్నారు.

రాయడం నాకు చేతనైన పని. ఆయన పాతదీ, నేను కొన్న కొత్తదీ ఆయన గదిలో ఒకే గోడకు, ఒకే ముంత పక్కన ఉండేవి. నా పుస్తకంలో ఇలా ఉంది. మాఘం: రెండూ నున్నగా ఉన్నాయి. ఫాల్గుణం: కొత్తదానిలో ఒకచోట మెట్టు కొన గీరుకుంది. చైత్రం: కొత్తదానిలో తొమ్మిది చోట్ల, వేలికి రక్తం. పాతది నున్నగానే ఉంది. పచ్చి చెక్క ఎండి ముడుచుకుంటే, దాని మీది ఇత్తడి మెట్లు అంచు దాటి బయటికి పొడుచుకొస్తాయి. మరో వారానికి, మేం పాఠంలో ఉండగానే, గోడ మీద 'టప్' మంది. నా గిటారు పైపలక నిలువునా చీలింది.

సావుకారు పైకి వచ్చి చూశాడు. ఈసారి నవ్వలేదు. ఇంకో ముగ్గురు తండ్రులు తమ పిల్లలకు గిటార్లు కొనడానికి ఆ వారమే రాబోతున్నారు.

"ఆ యమ్మ నీళ్లు పెట్టకుండా పాడు చేసిందని చెప్పు మాస్టరూ. ఆడమనిషి, ఆమెకేం తెలుస్తాది అంటే సరిపాయె."

నేను అక్కడే నిలబడి ఉన్నాను.

"ఆమె ఇంటికి తీసుకోనే పోలేదు, ఈ గోడకే ఉండాది. నీళ్లు పెట్టింది నేను" అన్నారు మాస్టరు. "నేను ఓడినపొద్దు ఓడినా అన్లేదా? ఈ పొద్దు నువ్వు అను."

"అంటే నా అంగడి మూసుకోవల్ల. చెప్పేదుంటే చెప్పు, లేకుంటే గది ఖాళీ చెయ్యి."

"నీ గది నువ్వు పెట్టుకోప్పా."

తరువాత ఆయన మా ఇంటి వసారాలో పాఠాలు చెప్పారు. శిష్యులు సగమయ్యారు. పెళ్లి ఆర్కెస్ట్రాల పిలుపులు సావుకారు చేతిలో ఉండేవి, అవీ ఆగిపోయాయి. బాగుపడలేదన్న మాట నిజమే. ఒక ఇల్లాలి మీద అబద్ధపు నింద వేసి బాగుపడటాన్ని సర్దుకోవడం అంటారా? అనండి. నేను అనను.

గది వదిలింది మిట్టమధ్యాహ్నం. ఆయన చాప చుట్టి చంకన పెట్టుకుని ముందు నడిచారు. శిష్యులం అయిదుగురం ఆయన వెనక నడిచాం. నేను నా గిటారుకు గుడ్డ చుట్టబోతే ఆయన వెనక్కి తిరిగారు.

"కప్పొద్దు తల్లీ. జనాన్ని చూడనీ."

చీలిక బయటికి కనిపించేలా దాన్ని ఎదకు పట్టుకుని నడిచాను. అంగళ్లలోంచి మెడలు బయటికి వచ్చాయి. ఎవరో ఏదో అడిగారు. ఎండ ఆ చీలికలోంచి సన్నని గీతలా లోపలికి దిగింది. నేను తల వంచి చూస్తే, ఎవరికీ కనిపించకుండా ఉండాల్సిన పచ్చి చెక్క, గిటారు లోపల వెలుగుతోంది.