కొత్తవాడ ప్రతి

ఆ రోజుల్లో వారపత్రికలో సీరియల్ వచ్చిందంటే రచయిత్రికి కొమ్ములొచ్చినట్టే. నాకూ వచ్చాయి. హనుమకొండ సుబేదారిలో మా వాడకట్టు ఆడవాళ్లు కూరగాయల బండి దగ్గర కూడా ‘తర్వాత ఏమైతది?’ అని ఆపి అడిగేవాళ్లు. నాకూ తెలియదు కాబట్టి చెప్పేదాన్ని కాదు. ఏ వారానికి ఆ వారం రాసి, ఉన్న ఒక్క ప్రతినీ పోస్టులో పంపేసేదాన్ని. కార్బన్ పెట్టి గట్టిగా ఒత్తి రాస్తే చెయ్యి నొప్పి. పైగా అచ్చయ్యేదానికి ఇంకో కాపీ ఎందుకన్న ధీమా.

సీరియల్ అయిపోయింది. అంతకు కొన్నేళ్ల ముందైతే ఆఖరి భాగం రాకముందే పబ్లిషర్లు వెంటపడేవాళ్లట. నా వంతు వచ్చేసరికి గాలి మారింది. కాగితం ధర పెరిగిందన్నారు. జనం పుస్తకాలు కొనడం మానేసి అద్దె షాపుల్లో తెచ్చుకుంటున్నారన్నారు, ఒక్క కాపీని ఊరంతా చదివేస్తే మేమేం తినాలన్నారు. అద్దెకు తెచ్చుకునేవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఎదురు మాట్లాడలేకపోయాను. అయినా నాకు పుస్తకం కావాలి. పత్రిక పాతబడితే పల్లీలు పొట్లం కడతారు. పుస్తకమైతే పేరు కనబడేలా అల్మారాలో నిలబడుతుంది. అంతకంటే పెద్ద కోరిక అప్పట్లో నాకు లేదు.

చివరికి విజయవాడలో ఒక పబ్లిషర్ సరేనని, వెంటనే మ్యాటర్ పంపమన్నాడు. తీరా చూసుకుంటే ఇంట్లో సీరియల్ సగం కూడా లేదు. పత్రిక వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒక చుట్టం ‘చదివి ఇస్తా’ అనడం, గొప్ప కోసం నేను చేతిలో పెట్టి పంపడం. తొర్రూరు నుంచి వచ్చినప్పుడల్లా మా ఆడబిడ్డ పట్టుకుపోయినవే బోలెడు. అడిగితే, వంటింటి అరల్లో పరిచానని, డబ్బాలు జరిపి చదువుకోవచ్చని అంది. పత్రికాఫీసు వాళ్లు పాత సంచికలు లేవన్నారు. నాకు ఏడుపొచ్చింది, మా ఆయన ముందే ఏడ్చాను. ‘మల్ల రాయరాదు’ అన్నాడాయన, అన్నం మళ్లీ వండమన్నంత తేలిగ్గా.

హనుమకొండ చౌరస్తాలో అద్దె పుస్తకాల షాపాయన దారి చూపించాడు. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటి కోడలు ఒకామె పత్రికల్లోంచి సీరియళ్లు కత్తిరించి కుట్టుకుంటుందట. ‘ఆమెతోని నాకు నష్టమే అమ్మా. కుట్టుకున్న నవల మల్ల అద్దెకు తీస్కపోదు’ అన్నాడు.

ఆ మధ్యాహ్నమే పోయాను. అత్తాకోడళ్లిద్దరూ ఒకే మగ్గం ముందు పక్కపక్కన కూర్చుని నేస్తున్నారు. నేనెవరో చెప్పగానే కోడలు నూలు కింద పెట్టి లోపలికి పోయి నా నవల తెచ్చింది. అట్టపెట్టె ముక్కలే అట్టలు. జంపఖానా నూలుతో దిట్టంగా కుట్టింది. పైన నీలం సిరాతో నవల పేరు, కింద నా పేరు. నేను ఆత్రంగా కాగితాలు తిప్పాను. భాగాలన్నీ ఉన్నాయి.

‘మా అత్తమ్మకు చదువు రాదక్కా. చాయ్ తాగేటప్పుడు జరంత జరంత చదివి వినిపిస్త’ అంది కోడలు.

ప్రెస్సుకు కావాలని, అచ్చయ్యాక తెచ్చిస్తానని అడిగాను. కోడలు అత్త వైపు చూసింది.

‘మల్ల తెస్తవా బిడ్డా? అందరు తెస్తమనే అంటరు’ అంది అత్త. మా ఆడబిడ్డను చూడకపోయినా ఆమెకు లోకం తెలుసు. అయినా పుస్తకం నా చేతిలో పెట్టింది.

ప్రూఫులు చూడడానికి విజయవాడ పోయినప్పుడు పబ్లిషర్ ఇంకో మెలిక పెట్టాడు. పుస్తకం పన్నెండు ఫారాలు దాటకూడదట, ఫారమంటే పదహారు పేజీలు. అద్దె షాపులకు ఆ సైజే పోతుందట. అందుకని ఒక అధ్యాయం తీసేయాలి. ఏది తీయాలో కూడా ఆయనే చూసిపెట్టాడు. బాగా పోట్లాడుకున్న అత్తాకోడళ్లు మాటా పలుకూ లేకుండా ఒకే కంచంలో తినే అధ్యాయం. ‘ఇందులో ఏమీ జరగదు కదండీ’ అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కాసేపు అలిగి, తర్వాత సరేనన్నాను.

పుస్తకం వచ్చింది. ఆఫ్‌సెట్ అట్ట తళతళలాడుతోంది. దాని మీద నా నవలలో ఎక్కడా లేని గులాబీ చీర అమ్మాయి. సంతోషం పట్టలేక దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాను. కుట్టు పుస్తకం మాత్రం ప్రెస్సు నుంచి కుట్టు ఊడి, కాగితాల నిండా సిరా వేలిముద్రలతో తిరిగొచ్చింది. వాటిని వరసగా సర్ది, కొత్త పుస్తకం ఒకటి పైన పెట్టుకుని, భయం భయంగా కొత్తవాడ పోయాను.

‘కుట్టుకుంట తియ్యక్కా’ అంది కోడలు. కొత్త పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి మురిసిపోయింది. అత్త చాయ్ గ్లాసు పట్టుకుని గోడకు ఆనుకుంది.

‘అత్తాకోడండ్లు కలిసి బువ్వ తింటరు సూడు, గాడ సదువు’ అంది.

కోడలు పోట్లాట చదివింది. పేజీ తిప్పగానే నవలలోని అత్తాకోడళ్లు నవ్వుకుంటూ పెళ్లికి పోతున్నారు.

‘పని ఎగ్గొట్టినట్టు కత గూడ ఎగ్గొడ్తానవా?’

‘లేదత్తమ్మా. ఈ పుస్తకంల గా ముచ్చట లేనే లేదు.’

ఇద్దరూ నా వైపు చూశారు. నేను ఫారాల సంగతి, అద్దె షాపుల సంగతి చెప్పాను. ముసలామె ఓపికగా విన్నది.

‘మరి వాళ్లు ఎట్ల కలిసిన్రు బిడ్డా?’ అంది.

కోడలు కొత్త పుస్తకం పక్కన పెట్టి, విడి కాగితాల్లో ఆ వారం వెతికి తీసి చదివింది. వెళ్దామని లేచినదాన్ని మళ్లీ కూర్చున్నాను. ఏమీ జరగని ఆ అధ్యాయానికి ముసలామె కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు సిగ్గేసింది, అంతకు మించి సంతోషమేసింది.

తర్వాత ఇంటింటికీ టీవీ వచ్చింది. అద్దె షాపులు పలచబడ్డాయి, నా పుస్తకానికి రెండో ముద్రణ రాలేదు. నేనిచ్చిన అచ్చు పుస్తకాన్ని ఆ కోడలు వాడకట్టులో అడిగినవాళ్లకల్లా ఇచ్చేది. మళ్లీ కుట్టుకున్న ప్రతిని మాత్రం గడప దాటనివ్వలేదు. ఒకసారి నాకే పూర్తి నవల చదవాలనిపించి, రెండు రోజులు ఇమ్మని అడిగాను.

‘ఇయ్యనక్కా. ఈడనే కూసొని సదువుకో’ అని పీట వేసింది.

కూర్చుని చదువుకున్నాను.