పాతది పెట్టించండి

కాశీవిశ్వనాథానికి కొత్త వస్తువు గిట్టదు. ఆయన ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమా కంపెనీకి మేనేజరు. ఆఫీసుకి ఏ కొత్తది వచ్చినా దాని చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగి, నిర్మాత సుబ్బరామయ్య గదిలోకి వెళ్లి ఒకటే మాట చెప్పేవాడు.

"కొత్తది బాగానే ఉందండీ. పాతది పెట్టించండి."

టీ మిషను తెచ్చారు. అందులోంచి వచ్చేది టీ కాదు, కాచిన తుప్పు అన్నాడు. మర్నాడు ఆఫీసులో టీ కాచే భిక్షం మళ్లీ స్టవ్వు వెలిగించాడు. చిన్న కారు కొన్నారు. ఎక్కితే మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయని జూబ్లీహిల్స్ ఎత్తంతా కారు పక్కనే నడిచాడు. కొత్త గేర్లు చేతికి అలవాటు కాక అప్పటికే ఒక గేటు గుద్దిన డ్రైవరు ఓదెలు, సంబరంగా పాత అంబాసిడర్ బయటికి తీశాడు.

"పెండ్లయిన తెల్లారి మామ దగ్గరికి పోయి గూడ గిదే మాట అన్నడా ఏంది?" అని నవ్వేవాడు భిక్షం.

తొంభయ్యారులో కంప్యూటర్ వంతు వచ్చింది. సుబ్బరామయ్య ముచ్చటపడి కొత్త విండోస్ వేయించాడు. డైలాగులు టైపు చేసే లీలాకుమారికి ఆ రోజు నుంచీ తెలుగు తెరుచుకోలేదు. ఆమె సాఫ్ట్‌వేర్ పాతదాని మీదే నడుస్తుంది. కొత్తదాని మీద నడిచే తెలుగులో మీటలన్నీ తారుమారు. 'క' అనుకుని కొడితే 'ద' పడుతోంది.

"ఎల్లుండి షూటింగు. ఈవిడ వల్ల కాకపోతే కొత్తది తెలిసినవాణ్ణి పెట్టుకుందాం," అన్నాడు సుబ్బరామయ్య, ఆమెకి వినపడేలాగే. మోతీనగర్‌లో ఆమె ఇల్లు ఈ జీతం మీదే నడుస్తోంది.

సరిగ్గా అప్పుడే కాశీవిశ్వనాథం గదిలోకి జొరబడ్డాడు. "ఆ తెర చూస్తే కళ్లు తిరుగుతున్నాయండీ."

"చూడకు."

"చూడకపోతే ఇంకా తిరుగుతున్నాయి. పాతది పెట్టించండి." అంటూ బల్ల చుట్టూ ప్రదక్షిణలు మొదలుపెట్టాడు.

"ముందు నువ్వు ఆగవయ్యా, నాకు తిరుగుతున్నాయి! పెట్టించుకో, పో!"

కంప్యూటర్ల సుందర్ రాజు వచ్చాడు. కాశీవిశ్వనాథం అతని కుర్చీ వెనక అటూ ఇటూ పచార్లు.

"డైలాగులన్నీ భద్రం చేశాను సార్. ఇక డిస్కు తుడిచేస్తున్నా."

"భద్రం అంటే? ఎక్కడ?"

"ఇందులోనే, వేరే ఫోల్డర్లో."

"ఆగు! ఇల్లు కూలుస్తూ సామాను వంటింట్లోంచి పడగ్గదిలోకి సర్దుతావా?"

సుందర్ రాజు నాలిక్కరుచుకున్నాడు. అన్నీ ఫ్లాపీల్లోకి ఎక్కించాడు. కాశీవిశ్వనాథం ఒక్కొక్కటీ పట్టుకుని అకౌంట్స్ గదిలో కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తి, అక్కడ తెరిపించి చూశాడు. క్లైమాక్స్ ఉన్న ఫ్లాపీ తెరుచుకోలేదు. దాన్ని మళ్లీ చేయించాడు. అప్పుడుగానీ తుడవనివ్వలేదు. పాతది ఎక్కింది, ఫైళ్లు తిరిగొచ్చాయి. హీరో తల్లి ఆఖరి మాటతో సహా అన్నీ ఉన్నాయి. లీలాకుమారి 'క' కొట్టింది. 'క' పడింది.

కానీ ఆమెకో అనుమానం. మౌసంటే ఏంటో తెలీదనే ఈ మనిషికి ఫోల్డర్ సంగతి ఎలా తెలిసింది?

మర్నాడు డైలాగుల కాగితాలు ఇవ్వడానికి శ్రీనగర్ కాలనీలో ఆయన ఇంటికి వెళ్లింది. హాల్లో సరికొత్త కలర్ టీవీ, మూల టీ మిషను. కిటికీ దగ్గర కంప్యూటర్ ముందు కాశీవిశ్వనాథం కొత్త విండోస్‌లో జోరుగా పేకాడుతున్నాడు.

"బజార్లోకి ఏది దిగినా ముందు మా ఇంటికే వస్తుందమ్మా," అంది ఆయన భార్య కౌసల్య.

లీలాకుమారికి భిక్షం స్టవ్వు, ఓదెలు అంబాసిడర్ గుర్తొచ్చాయి. "మరి కళ్లు తిరగడం లేదా, మేనేజరు గారూ?"

ఆయన దొరికిపోయినవాడిలా లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చాడు. "ఆఫీసులోనే తిరుగుతాయి. ఇదిగో, ఇందులో ఆ కొత్త తెలుగు ఉంది. ఆదివారాలు వచ్చి నేర్చుకో. ఎవరితోనూ అనకు."

దసరా వెళ్లేసరికి ఆమె వేళ్లకి కొత్త మీటలు అలవాటయ్యాయి. ఆ సోమవారం కాశీవిశ్వనాథం సుబ్బరామయ్య గదిలోకి వెళ్లాడు.

"పాతది బాగానే ఉందండీ. కొత్తది పెట్టించండి."

సుబ్బరామయ్య కంగారుగా లేచి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.