నిలపండి అన్న మాట

ఇష్రత్ పన్నెండేళ్లుగా గాలిని తెర మీదే చూస్తోంది. పెనుకొండ దాటాక గుట్టల మీదున్న నలభై గాలిమరల పనంతా ఆ తెర మీద ఒక పచ్చగీతగా పాకుతుంది. ఆ గీత ఊగకూడదు. గాలి ఎగదన్నినప్పుడు రెక్కల్ని కాస్త జోరుగా తిరగనివ్వాలి. అదనపు ఊపు ఆ తిరుగుడులోనే ఇంకిపోతుంది, లైనులోకి పోయే కరెంటు తొణకదు. ఇంకా ముదిరితే రెక్కల్ని పక్కకు వాల్చి గాలిని జారవిడవాలి. కొంత మిషన్లే చూసుకుంటాయి. అన్నిటినీ కలిపి ఏ అంకె దగ్గర ఉంచాలో మాత్రం ఇష్రత్ చేత్తో కొట్టేది. హిందూపురంలో డిప్లొమా చదివి, ధర్మవరం నుంచి రోజూ వచ్చిపోయే ఆమెకు ఇదొక్కటే చేతనైన పని.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. కరెంటు పంపిణీ చూసే ఆఫీసులో కొత్తగా చేరిన కోస్తా అధికారి.

"లైను బాగా ఊగుతోందమ్మా. నిలపండి. వెంటనే నిలపండి."

ఇష్రత్ నిలిపింది. నలభై మరలూ రెక్కలు వాల్చేసి ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. పచ్చగీత బావిలో వేసిన రాయిలా పడిపోయింది. బత్తలపల్లి పక్క ఊళ్లలో ఇరవై నిమిషాలు కరెంటు పోయింది.

"ఏమక్కా, గాలికే సెలవిచ్చినావంట?" మరలెక్కి నట్లు బిగించే ఎర్రిస్వామి గుమ్మంలో నిలబడి నవ్వాడు. "నాకూ ఒగ దినం ఇప్పియ్యి." ఆమె ముఖం చూసి నవ్వు మింగేశాడు. "టీ తాగినావా?"

తాగిందో లేదో ఆమెకు గుర్తులేదు.

శుక్రవారం హిందూపురం ఆఫీసులో విచారణ. తప్పు ఆమెదని తేలితే ఆ కుర్చీ పోయినట్టేనని మేనేజరు శ్రీనివాసులు ముందే చెప్పాడు. బస్సులో పెనుకొండ దాకా భయం వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. మఠం వేసుకుని చాలాసేపు కూర్చున్నప్పటి కాలులా ఒళ్లంతా మొద్దుబారి ఉంది.

ఆఫీసులో ముందు ఆనాటి మాటలు రికార్డులో వినిపించారు. తర్వాత ఆ అధికారే ఫోనులోకొచ్చాడు.

"నిలపమన్నాను కదండీ! ఊగకుండా ఒక్కచోట నిలపమని!"

"నిలిపినా కదా సార్," అంది ఇష్రత్.

"మీరు ఆపేశారు!"

"అదే సార్. నిలిపినా."

శ్రీనివాసులు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆయనదీ ఈ పక్కే, కొత్తచెరువు. "సార్, మా పక్క బస్సునైనా మగ్గాన్నైనా నిలపమంటే ఆపమనే. నాతో చెప్పింటే నేనూ ఆపేసుందును."

అధికారి గొంతు తగ్గించి అడిగాడు. "మరి ఊగకుండా నిలపమనాలంటే ఏమంటారు?"

"అట్లే పెట్టమంటాం సార్," అంది ఇష్రత్.

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. విచారణకొచ్చినవాళ్లు కాగితం మీద ఏదో రాసుకున్నారు.

బయటికొచ్చాక శ్రీనివాసులు అన్నాడు: "నీ తప్పేం లేదని రాసినారులేమ్మా. కుర్చీ నీదే. అయితే ఇంగ ఈ నోటిమాటలే వద్దంటాండారు. అంకె ఆడినుంచే నేరుగా మిషన్లకొస్తాది."

"మరి నేనేం చేయాల సార్?"

"చూస్తా ఉండు."

పైనెలలో, పంపిణీ ఆఫీసు అంకెను నేరుగా అందుకునే కొత్త పెట్టె బిగించారు. గాలి ఎంత ఎగదన్నినా గీత వెంట్రుకవాసి కదల్లేదు. ఇష్రత్ ఎన్నడూ అంత నున్నగా నడపలేదు.

"నిమ్మళమైన పని దొరికిండాది కదక్కా," అన్నాడు ఎర్రిస్వామి.

"ఊఁ," అంది.

అతను గుట్టెక్కి వెళ్లిపోయాక, తెరలో తాను అంకె కొట్టే గడి మీద వేలు పెట్టింది. గడి బూడిదరంగులో ఉంది. ముప్పై అని కొట్టింది. ఏమీ పడలేదు. సాయంత్రం ధర్మవరం వ్యాను వచ్చేదాకా మధ్యమధ్యలో కొడుతూనే ఉంది.