గళ్ళ కాగితం మీద తెలుగు అక్షరాలు

మొన్న మా మేనకోడలు, ప్రోగ్రాములు రాసే సరదా ఉన్న తన స్నేహితుల గ్రూపులో పెట్టబోతున్న చిన్న కోడ్ ముక్కను నాకు చూపించింది. పట్టుమని పది వరుసలు లేవు గానీ, ఇందులో సగం నా సొంతం కాదని, ఫలానా అమ్మాయి దగ్గర నేర్చుకున్నానని అన్నిటికంటే పైన రాసుకుంది. బాగుందమ్మా అని, లేచి వచ్చేశాను.

కంప్యూటరంటే చెప్పులు విడిచి వెళ్ళాల్సిన ఏసీ గది అనుకునే రోజుల్లో, రాజమండ్రిలో ఒక శిక్షణ కేంద్రం యజమాని దయవల్ల మేం నలుగురం ఆదివారాలు అక్కడ చేరేవాళ్ళం. ఎవరు ఏం కొత్తగా కనుక్కున్నా ఒక లాంగ్ నోట్‌బుక్కులో చేత్తో రాసి కింద పేరు పెట్టేవాళ్ళం. మిగతావాళ్ళు దాన్ని వంతులవారీగా ఇంటికి పట్టుకెళ్ళి ఎత్తి రాసుకునేవాళ్ళు. నేనప్పుడు డిగ్రీ చేతబట్టుకుని తిరుగుతున్న నిరుద్యోగిని. నలుగురిలోనూ అసలైన బుర్ర టైపు మిషన్లు బాగుచేసే మిత్రుడిది. వాళ్ళది ఉప్పాడలో సముద్రం మీద చేపల వేటకెళ్ళే కుటుంబం, చదువు పదితో ఆగిపోయింది. అతను గళ్ళ కాగితం మీద ఒక్కొక్క గడీ నింపుకుంటూ, గుణింతాలూ ఒత్తులతో సహా తెలుగు అక్షరాలు ప్రింటరు మీద పడేలా, ఏడాదిపాటు కూర్చుని ఒక ప్రోగ్రాం రాశాడు. మొట్టమొదట వాళ్ళమ్మ పేరు అచ్చువేసి, ఆ కాగితం మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టుకుని ఊరికి తీసుకెళ్ళాడు.

ఆ ప్రోగ్రాం అతను మా నోట్‌బుక్కులోకి ఎక్కించిన పేజీలు నేను ఎత్తి రాసి, నా పేరుతో ఒక మాసపత్రికకు పంపాను. అచ్చయింది. పత్రిక పట్టుకుని ముందుగా వచ్చింది అతనే.

“మీ పేరు పడిందండి. పొరపాటున వేసుంటారు. ఓ కార్డు ముక్క రాద్దామా?”

“నేను రాస్తాన్లెండి,” అన్నాను. రాయలేదు. తప్పు పత్రికవాళ్ళదేనని మిగతా ఇద్దరికీ అతనే నచ్చజెప్పాడు.

పత్రికలో అది చూసి ఒక ప్రెస్సు యజమాని నన్ను పిలిచి, శుభలేఖలు వేసే పనిలో పెట్టుకున్నారు. ఎక్కడ చేరానో మిత్రుడికి చెప్పకుండా దాటవేశాను. కొన్నాళ్ళకి, తెలియక, అతనూ అదే ప్రెస్సుకి తన ప్రోగ్రాం పట్టుకుని పని అడగడానికి వచ్చాడు. యజమాని కాగితాలు తిరగేశారు.

“ఇది మావాడు రాసిందే కదండి, పుస్తకంలో కూడా పడింది. ఎత్తి రాసుకొచ్చి పనడిగితే ఎలాగండి?”

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నిజం నేనే చెబుతానన్న నమ్మకంతో మిత్రుడు నా వైపు చూశాడు. నేను ప్రింటరులో కాగితం సరిచేస్తున్నట్టు వంగి, తల ఎత్తలేదు. అతను సరేనండి అని కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆదివారాలు మా దగ్గరికి రాలేదు.

వయసు మీదపడి పని మానుకున్నాక, తప్పు చెప్పుకుందామని ఒకసారి ఉప్పాడ వెళ్ళాను. వాళ్ళ వీధి సముద్రంలో కలిసిపోయిందన్నారు. అడుగుతూ అడుగుతూ కొత్త కాలనీలో అతన్ని పట్టుకున్నాను. టీ ఇప్పించాడు, చక్కెర వద్దంటే షుగరు ఎప్పట్నుంచని అడిగాడు, ఆ మాట మాత్రం ఎత్తలేదు. బస్సు వేళయ్యేదాకా కూర్చుని, నేనూ ఎత్తలేదు.

ఏ వరుస ఎవరు ఎప్పుడు రాశారో ఇప్పుడు మిషనే గుర్తుపెట్టుకుంటుందని మేనకోడలు చెబుతోంది. మా కాలంలో, ఆ నోట్‌బుక్కు దాటితే, అది చెప్పడానికి మనిషి నోరే ఉండేది. ఆ రోజు ఆ ప్రెస్సులో ఉన్న నోరు నాది.