మూడు పొట్టి కణుపులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇద్దరికి రోజూ తప్పని పనులు ఉండేవి. మా మేనత్తది చెరుకుతోటకు నీళ్లు పెట్టే పని. నాది ఒక పేజీ దస్తూరి రాసే పని. ఆమె పనిని ఆమె ఎన్నడూ ఆపలేదు. నా పనిని నేను ఎన్నడూ వేళకు మొదలుపెట్టలేదు.

డైరీ రాయడం నాకు చాలా కాలంగా అలవాటు. ఏ సంగతైనా తేదీ చూసుకొని చెప్పడం నా పద్ధతి. కాని ఇప్పుడు చెప్పబోయే ఏడాదికి డైరీ లేదు. అప్పుడు నేను ఐదో తరగతి, అరవయ్యో దశకం మొదట్లో. ఆ ఏటి దస్తూరి పుస్తకం మాత్రం నా పెట్టెలో ఉంది, ఈ నాలుగు మాటలూ దాన్ని ముందు పెట్టుకునే రాస్తున్నాను. అందులో ప్రతి పేజీ మీదా తేదీ ఉంది. అయినా ఆ తేదీలన్నిటినీ నమ్మలేను. ఎందుకో చెబుతాను.

మా ఊరు బోధన్‌కు రెండు కోసుల దూరం. చలికాలం వచ్చిందంటే బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కూత మా వాకిట్లోకి వినిపించేది. గాలి అటు నుంచి తిరిగిన రోజు చెరుకు మడ్డి వాసన వచ్చేది, కాగుతున్న బెల్లానికి కాస్త పులుపు తగిలినట్టు. అది బాగుండే వాసన కాదు. అయినా ఇప్పుడు నిజామాబాదులో, డాబా మీద ఒక్కోసారి నిలబడి దాని కోసం గాలి పీలుస్తాను. ఆ కూత ఆగిపోయి చాలా ఏళ్లయింది.

మా మేనత్త చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకొని అన్న ఇంటికి, అంటే మా బాపు దగ్గరికి వచ్చేసింది. ఒక్క అక్షరం రాదు. భుజం మీద పార పెట్టుకొని గట్టు మీద నడుస్తుంటే మగవాళ్లు పక్కకు తప్పుకునేవాళ్లు. ఆడమనిషి నీళ్లు పెట్టుడేంది అని మొదట్లో నవ్విన ఊరు, తర్వాత తర్వాత తమ మడికి ఎప్పుడు పెట్టాలో ఆమెనే అడిగేది. కాలువ నీళ్లు మాకు వంతుల లెక్కన వచ్చేవి. ఊరి నీళ్లు చూసే నీరటి వచ్చి వాకిట్లో కేకేస్తే, తినే కంచం పక్కకు జరిపి లేచిపోయేది.

మా బడిలో ఐదు తరగతులకూ ఒక్కరే సారు. ఎవరు రోజూ రాస్తున్నారో ఆయన రోజూ చూడలేడు. రోజుకొక పేజీ, పైన తేదీ, ఏడాది చివర మొత్తం ఒకేసారి చూస్తానని బడి తెరిచిన రోజే చెప్పాడు. మా బాపుతో ఆయన అన్న మాటలు నేను తలుపు వెనక నుంచి విన్నాను. "పిల్లకు తెలివి ఉన్నది పటేలా, కూసునే ఓపికనే లేదు. బుక్కు చూసినంక చెప్త, బోధన్ బడికి తోలుడా వద్దా."

ఆ మాట బాపుకు సరిపోయింది. "సారు తోలుమంటె తోలుత, లేకుంటె ఇంట్లనే ఉంటది. ఉత్తపుణ్యానికి రెండు కోసులు ఎవలు నడుస్తరు?" అన్నాడు. మా పక్కింటి అక్క అప్పటికే బడి మానేసి చాటలో తునికాకు పెట్టుకొని బీడీలు చుడుతోంది. నన్ను చూసినప్పుడల్లా, "వచ్చే ఏడు నువ్వు గిట్ల నా పక్కకు వస్తవ్, చాట కొనిపెట్టుమను మీ బాపును" అని నవ్వేది. ఆమె నవ్వులాటకే అనేది. నాకు ఆ చాటను చూస్తేనే భయం వేసేది.

అంత భయం ఉన్నదాన్ని రాయాలి కదా. రాయలేదు. బడి తెరిచిన వారానికే జ్వరం వచ్చి ఇరవై రోజులు మంచం పట్టాను. అప్పటి సంగతులు నాకు పెద్దగా గుర్తులేవు. నుదుటి మీద తడిగుడ్డ, దాన్ని తీసి మళ్లీ వేసే ఒక గరుకు చెయ్యి, ఆ అరచేతిలో పార పట్టిన కాయలు, అంతే. లేచిన తర్వాత కొన్నాళ్లు నిజంగానే కలం బరువుగా ఉండేది. ఆ బరువు తగ్గిపోయాక కూడా నేను దాని పేరే చెబుతూ వచ్చాను. రాయని రోజుకు ఒక పేజీ ఖాళీగా వదిలేదాన్ని. ఒక్క రోజు గట్టిగా కూర్చుంటే అన్నీ నిండిపోతాయనుకున్నాను.

చెరుకు కొట్టే కాలం వచ్చింది. ఒక శనివారం సారు, సోమవారం పుస్తకాలు తేవాలని, ఏడాది చివరి దాకా ఆగకుండా ఒకసారి చూస్తానని చెప్పాడు. ఆదివారం పొద్దున్నే కొట్టం గోడకు ఆనుకొని కూర్చున్నాను. సిరా బిళ్ల కరిగించి దవాతు నిండా పోసుకొని, ఒక్కో ఖాళీ పేజీ మీద ఒక్కో తేదీ వేసి నింపాను. మొత్తం నలభై మూడు పేజీలు. ఇప్పుడే మళ్లీ లెక్కపెట్టాను. పొద్దు వాలేసరికి వేళ్లు బిగుసుకుపోయాయి గాని మనసు తేలికపడింది.

మేనత్త తోటలోంచి వచ్చి కాళ్లు కడుక్కొని నా పక్కన కూర్చుంది.

"ఎన్ని కాయితాలు రాసినవే పోరీ?"

"మొత్తం అయిపోయినయ్ అత్తా."

"ఒక్క దినంల్నే? అబ్బో, ఫ్యాక్టరీ మిషన్ గూడ ఇంత జోరు నడువదు."

పుస్తకం ఒళ్లోకి తీసుకొని పేజీలు తిప్పింది. ఏ రోజుది ఆ రోజే రాసిన పేజీల్లో సిరా ఒకనాడు లేతగా, ఒకనాడు ముదురుగా ఉంది, ఒకచోట పసుపు వేలిముద్ర కూడా ఉంది. ఆ రోజు నింపిన నలభై మూడూ ఒకే రంగు. పైన మూలకు ఉన్నవి ఏమిటని అడిగింది. తారీఖులన్నాను. చదవమంది. తారీఖులు ఆమెకు పట్టవు, ఆమె కాలం కార్తెల్లో నడిచేది. ఒకచోట ఆపి, "ఇది ఆరుద్ర జొచ్చిన దినమా?" అని అడిగింది. వేళ్ల మీద లెక్కవేసి అవునన్నాను.

"ఆ దినం నువ్వు కండ్లు తెరిచినవా బిడ్డా?"

ఆ రోజు నేను ఒళ్లు తెలియకుండా పడి ఉన్నాను. పుస్తకంలో మాత్రం చక్కగా కూర్చొని, చెట్లు మనకు నీడనిస్తాయి అని పన్నెండుసార్లు రాశాను.

ఆమె తిట్టలేదు. లేచి "నడువ్" అంది.

చెరుకు పంపమని ఫ్యాక్టరీ నుంచి మాకు చిట్టీ వచ్చింది కాబట్టి తోటలో కొడుతున్నారు. మొదలంటా నరికిన గడలు వరసగా పడి ఉన్నాయి. ఆమె ఒక గడ తీసి, ఎండుటాకు చేత్తో తుడిచేసి, మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకుంది. మావైపు చెరుకు ముడినీ, రెండు ముడుల నడిమి ముక్కనూ కూడా కణుపు అనే అంటారు. ఆమె మొదలు నుంచి ఒక్కో కణుపు మీద వేలు పెట్టి, ఇది ఎండకాలం నీళ్లు, ఇది రోహిణిల పెట్టిన నీళ్లు అని చెబుతూ పోయింది. అన్నీ నా నాలుగు వేళ్లకు మించి పొడుగున్నాయి. ఒకచోట ఆమె వేలు ఆగింది. అక్కడ మూడు కణుపులు, రెండు వేళ్ల వెడల్పు కూడా లేవు, ఒకదాని మీద ఒకటి కుక్కినట్టున్నాయి. వాటి పైన మళ్లీ పొడుగు కణుపులు.

ఇంకో గడ తీసింది, అదే చోట అవే మూడు. నేనే పరుగెత్తి అవతలి మడిలోంచి ఒకటి తెచ్చాను. అదీ అంతే. తోట తోటంతా ఒక్కచోట ఊపిరి బిగబట్టినట్టుంది.

"ఇవి ఏం దినాలో ఎరికేనా?"

తల అడ్డంగా ఊపాను.

"నీ జరం" అంది.

అప్పుడు ఆమె చెప్పగా తెలిసింది. ఆరుద్ర జొచ్చిన ఆ రోజు నీరటి వచ్చి వంతు మాదేనని కేకేశాడట. బాపు నా మందు కోసం బోధన్ వెళ్లాడు. మా అమ్మ ఒళ్లో నెల తిరగని తమ్ముడు. నా తల మేనత్త ఒళ్లో ఉంది. నీరటి మూడుసార్లు పిలిచాడు, నీళ్లు పోతున్నాయన్నాడు. "పోనియ్యి" అంది ఆమె. వంతు పక్క మడికి పోయింది. ఆ వెంటనే కాలువ కట్టేశారు, వాన కూడా చాలా రోజులు రాలేదు.

"మల్ల వంతుల రెండింతలు పెట్టిన. మీదికెల్లి మంచిగనే లేసింది. గీ మూడు మాత్రం గిట్లనే ఉండె. ఇప్పుడు ఎన్ని నీళ్లు పోస్తె ఇవి పెరుగుతయి?"

ఆమె గడను ఆ చోట విరిచి ఒక పొట్టి ముక్క నా చేతికిచ్చింది. "పొట్టిగున్నందుకు అది సిగ్గు పడ్తలేదు సూడు" అంది. నమిలాను. మిగతా చెరుకు లాగే తియ్యగా ఉంది.

"సారుకు ఏం చెప్పాలె అత్తా?"

"జరం వచ్చిందని చెప్పు. ఆ ఎన్క బద్దకమైందని చెప్పు. రెండు నిజమే కద."

"బాపు బడి బంద్ చేపిస్తడు."

ఆమె ఇంకో నిండు గడ ఏరి పక్కన పెట్టి, "నేను గూడ వస్త తియ్" అంది.

ఇంటికి వచ్చి నలభై మూడు తేదీలనూ ఒక్కొక్క గీతతో కొట్టేశాను. నింపడం కంటే కొట్టేయడానికే నాకు ఎక్కువ సేపు పట్టినట్టు జ్ఞాపకం.

మర్నాడు మేనత్త నిలువెత్తు చెరుకుగడ భుజాన వేసుకొని నా వెంట బడికి వచ్చింది. అప్పటికే సారు ముందరి పళ్లు ఊడిపోయాయి. గడ చూసి నవ్వి, "నాకెందుకమ్మా, నమిలేటందుకు పండ్లెక్కడున్నయి?" అన్నాడు.

"తినేటందుకు కాదు సారూ. సదివేటందుకు తెచ్చిన."

పిల్లలందరూ పకపకా నవ్వారు. ఆమె అదేమీ పట్టించుకోకుండా గడను బల్ల మీద పెట్టి, ఆ మూడు కణుపులు చూపించి, తోటలో నాకు చెప్పినదంతా చెప్పింది. సారు కళ్లద్దాలు సరిచేసుకొని వాటి మీద వేలు నడిపాడు. అదే వేలితో నా పుస్తకం తిప్పాడు. కొట్టేసిన తేదీలు ఒక్కొక్కటీ చూశాడు. బడిలో నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. చివరికి నా వైపు చూసి అడిగాడు.

"ఇయ్యాల్టి పేజీ ఏది?"

"పొద్దుగూకంగ రాస్త సారూ."

"అయితె రేపు చూపియ్యి. రేపటిది ఎల్లుండి చూపియ్యి. ఏడాది అయినంక చెప్త."

ఆ సాయంత్రం బాపుకు సంగతి తెలిసి, ఒక్క పేజీ తప్పినా పలక, పుస్తకం అటక మీదికే అన్నాడు. అన్నమాట మీద నిలబడే మనిషి. నాకు మిగిలింది రెండు నెలల పైచిలుకు.

మొదటి నాలుగు రోజులు భయంతో రాశాను. ఐదో రోజు పాత బద్ధకం మళ్లీ వచ్చి పక్కన కూర్చుంది. మేనత్త అది కనిపెట్టిందేమో, దీపాలు పెట్టక ముందే గుమ్మం దగ్గరికి పీట జరుపుకొని, "నీ రాత అయినంక కింద నాదొక్క ముచ్చట రాయి" అంది. నాది పూర్తి కాకుండా తనది రాయకూడదట, అది ఆమె షరతు. "ఈరోజు అత్త తూము దగ్గర గండి పూడ్చింది." "ఈరోజు కాలువలో నీళ్లు రాలేదు. అత్త ఊరకే పోయి వచ్చింది." ఇలాంటివే. ఆదివారం వచ్చిందంటే వారంవి వరసగా చదవమనేది. నేను చదువుతుంటే, కాళ్లు చాపుకొని, నోరు కాస్త తెరిచి, ఎవరో పెద్దమనిషి సంగతులు వింటున్నట్టు వినేది. ఆమె ఏ రోజు ఏం చేసిందో అంతకు ముందు ఎవరూ అడిగి ఉండరు. ఆ ముఖం చూడటానికే నేను దస్తూరి తొందరగా ముగించడం నేర్చుకున్నాను. ఎప్పటి నుంచి భయం పోయి ఇది మిగిలిందో చెప్పలేను, పుస్తకంలో కూడా దాని గుర్తు లేదు.

ఒక్క పేజీ తప్పలేదు. ఏడాది చివర సారు పుస్తకం మూసి మా బాపుతో, "తోలు పటేలా" అన్నాడు, అంతే. బడి తెరిచిన రోజు బాపే నన్ను బోధన్‌కు నడిపించుకొని వెళ్లాడు. మేనత్త కాలువ వంతెన దాకా వచ్చి అక్కడి నుంచి తోటకు మళ్లింది. ఆ రోజు మా వంతు. నేను వెనక్కి తిరిగి చూసేసరికి గట్టు మీద పార ఒక్కటే కనిపిస్తోంది.

చదువు ముగిసి నిజామాబాదులో ఉద్యోగంలో చేరాక దస్తూరి పోయింది, కింది ముచ్చట డైరీగా మిగిలింది. సెలవులకు ఊరికి వెళితే ఆమె మొదట అడిగేది, "నా ముచ్చట రాస్తున్నవా లేదా?" అనే. డెబ్బయ్యో దశకం చివర ఆమె జబ్బుపడితే నిజామాబాదు దవాఖానకు తెచ్చాం. నేను సెలవు పెట్టి మంచం పక్కనే ఉన్నాను. రెండోరోజు సాయంత్రం కళ్లు తెరిచి, "ఇయ్యాల రాసినవా?" అంది. లేదన్నాను. ఆమె చెయ్యి నా చేతిలో ఉంది, కాయలు మెత్తబడ్డాయి. "పోనియ్యి" అంది.

దవాఖానలో ఆమె తొమ్మిది రోజులు బతికింది. ఆ ఏడాది డైరీలో తొమ్మిది పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఆ రోజుల్లో ప్రతి గంటా నాకు గుర్తుంది, తర్వాత కూర్చొని రాసి ఉంటే ఎవరికీ తేడా తెలిసేది కాదు. రాయలేదు. ఏడాదికోసారి డైరీలు ఎండలో పెట్టినప్పుడు ఆ పేజీల మీద వేలు నడిపి చూసుకుంటాను.

ఇప్పటికీ దీపాలు పెట్టే వేళకు ముందే ఆ రోజు పేజీ రాసేస్తాను. రాసి, కింద ఒక్క వరస వదిలేస్తాను. అది మా మేనత్తది.