నలగని నీళ్ళు

శంషాబాద్‌ల నాది వాటర్ సర్వీసింగ్ దుకాణం. అంటే బండ్లు కడుగుతం. ఎయిర్‌పోర్టుకు పోయే క్యాబులు, ప్లాట్లు చూపెట్టే బ్రోకర్ల తెల్ల కార్లు, ఎర్రమట్టి మోసే టిప్పర్లు, అన్నీ నా పైపు ముందటికొచ్చి బుద్ధిగ నిలబడ్డయే. ఇన్నేండ్ల సంది నీళ్ళు కొడుతున్న గని, నీళ్ళకు ఇనుమును వంచే బలం ఉంటదని నాకెవ్వరూ చెప్పలే. బడిల చెప్తరేమో. నేను ఎనిమిదిల ఉండంగనే బడికి సెలవిచ్చిన. నీళ్ళ సంగతి తొమ్మిదిల వస్తదంట. ఒక్క తరగతి తేడాల తప్పిపోయింది.

ఆ పాఠం నాకు మా అక్క కారు చెప్పింది.

అక్క హోటల్ల వంట చేసుడు మానేసి, సెకండ్ హ్యాండ్‌ల ఒక పెట్రోల్ కారు తీసుకుంది. రాజేంద్రనగర్ దిక్కు నుంచి ఎయిర్‌పోర్టు కాడి గోదాములల్ల పనిచేసే ఆడోళ్ళను తీసుకపోవుడు, తీసుకొచ్చుడు ఆమె డ్యూటీ. "ఇంజన్ మంచిగున్నన్ని దినాలు నేను డ్రైవర్‌ను. ఇంజన్ పోయిన్నాడు మళ్ళ గా పొయ్యి ముందటికే" అంటుండె. హోటల్ పొయ్యి ఆమెకెంత ఇష్టమో మోచేతుల దాక ఉన్న కాలిన మచ్చలు చూస్తే తెలుస్తది.

ఇగ ఆ దినం. వానలకు నిండి హిమాయత్ సాగర్ చెరువు గేట్లు ఎత్తిన్రంటే మా దిక్కు జనం ఇంట్ల ఉండరు. రావొద్దని పోలీసోళ్ళు మైకుల చెప్తుంటే, ఆ మైకు ఏడ మోగుతున్నదో చూసొద్దామని పోతరు. మక్కబుట్టలు కాల్చేటోళ్ళు వాళ్ళకంటె ముందే చేరుకుంటరు. నేను దుకాణంల వాన చూసుకుంట కూసున్న. వానల కారు కడిగిచ్చుకునేటోడు ఎవడుంటడు?

అక్క ఫోన్ చేసింది. "జల్ది రా. బండి నీళ్ళల్ల ఆగింది."

"కడిగిచ్చుకోనీకి తమ్ముడుండంగ గంత పెద్ద టబ్బుల ఎందుకు ముంచినవే అక్కా?"

ఫోన్ కట్.

నేను పోయేసరికి సర్వీస్ రోడ్డు మీద మోకాళ్ళ లోతు నీళ్ళు. నడిమిట్ల అక్క కారు, అందుల స్టీరింగ్ ముందు అక్క. గోదాం ఆడోళ్ళు చెప్పులు చేతుల పట్టుకొని అవతల గోడ మీద కూసొని మక్కబుట్టలు తింటున్నరు. జరిగింది వాళ్ళే చెప్పిన్రు. అక్క మెల్లగనే పోతున్నదంట. ఎదురుంగ ఒక టిప్పర్ దూకుడు మీద వచ్చిందంట. దాని కెరటం అక్క బానెట్ మీదికెక్కి దిగిందంట. ఇంజన్ గుటక మింగినట్టు ఒక్క చప్పుడు చేసి ఠక్కున ఆగిందంట.

ఇగ కారు చుట్టూ మన జనం. మన దిక్కు బండి ఆగిందంటే సాయం చెయ్యనోడు ఒక్కడన్న దొరుకుతడా? గేట్లు చూడనీకి వచ్చినోళ్ళు గేట్లు ఇడిసిపెట్టి కారు మీద పడ్డరు.

"అక్కా, సెకండ్ గేర్ల ఏసి క్లచ్ తొక్కు. మేం నూకుతం, ఇడిసిపెట్టంగనే అందుకుంటది!"

"ముందు సెల్ఫ్ కొట్టు అక్కా, ఆక్సిలేటర్ నిండ తొక్కి కొట్టు!"

రెయిన్‌కోటు తొడుక్కున్న ఒక కోస్తా పెద్దమనిషి కిటికీ దగ్గర వంగి అన్నడు. "భయపడకండమ్మా. ఒక్కసారి స్టార్ట్ చేసి చూడండి. నాకూ సరిగ్గా ఇలాంటి బండే ఉంది."

"గట్లయితే మీ బండి స్టార్ట్ చేసి చూస్కోండి సార్" అంది అక్క.

తాళం చెవి ఆమె పిడికిట్ల ఉంది. ఎవ్వరికియ్యలే. నాగ్గూడ ఇయ్యలే. ఎందుకియ్యవే అంటే, "మిక్సీ యాద్ లేదారా?" అంది.

ఆ మిక్సీ కథ మా ఇంట్ల అందరికెరికే. అల్లం ముక్క ఇరుక్కొని మిక్సీ ఆగితే, మా బావ మూత తీసి చూడకుండ మళ్ళ తిప్పిండు, మళ్ళ తిప్పిండు, పొగొచ్చేదాక తిప్పిండు. ఆ సంది అక్కకు ఒకటే కానూన్. ఆగింది ఏదైనా ఎందుకాగిందో తెలిసేదాక తిప్పొద్దు. ఇంజన్ సంగతి ఆమెకేం తెల్వదు. మిక్సీ సంగతి తెలుసు.

నీళ్ళల్ల నుంచి బయటికైతే నూకాలె కదా. తాళం తీస్తే స్టీరింగ్ బిగుసుకుంటది. అందుకని అక్క తాళం పెట్టి, స్టీరింగ్ ఒదులయ్యేంత ఒక్క గీత తిప్పి, దాని మీద కుడిచెయ్యి మూసుకొని కూసుంది. ఎడమ చేత్తో స్టీరింగ్. గేర్ న్యూట్రల్‌ల. మేమందరం వెనుక నుంచి నూకినం. కారు జర ఊపందుకోంగనే జనానికి హుషారొచ్చింది. "గేర్ల ఎయ్యి అక్కా! ఎయ్యి! ఎయ్యి!" పెండ్లి బరాత్‌ల కూడ గంత లొల్లి ఉండదు. ఒకాయన ఉరుక్కుంటనే పక్క కిటికీల నుంచి గేర్ రాడ్ మీదికి చెయ్యి పెట్టిండు. అక్క స్టీరింగ్ ఇడిసి, ఆడోళ్ళు ఇచ్చిపోతే డాష్‌బోర్డ్ మీద పెట్టుకున్న మక్కబుట్టతోటి ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. ఆయన చెయ్యి తీసిండు గని నూకుడు ఆపలే. మనోళ్ళు గంత మంచోళ్ళు.

తాడు కట్టి కారును నా దుకాణానికి తెచ్చినం. మా పక్క షెడ్ మెకానిక్ ఆ దినం ఊర్ల లేడు. ఫోన్ చేసిన.

"సెల్ఫ్ కొట్టిన్రా?"

"కొట్టనియ్యలే."

"గేర్ల ఏసి నూకిన్రా?"

"నూకనియ్యలే."

"ఎవరు?"

"మా అక్క."

"బతికిచ్చింది. లోపల గాలుంటే నలుగుతది అన్నా, నీళ్ళు నలగయి. నలగని దాన్ని నలగ్గొట్టబోతే లోపలి రాడ్ వంగుతది. పొద్దున వస్త. ముట్టకుండ్రి." పెట్టేసిండు.

నీళ్ళు నలగవంటే? నా బుర్రల పురుగు తొలుస్తనే ఉంది. దినమంత నా చేతిల నుంచి కారేవి నీళ్ళే కదా. పిండితే కారుతయి, తంతే చెదురుతయి. గింత మెత్తటిది ఇనుమునెట్ల వంచుతది? ఇంటికి పోయి నా బిడ్డ హోలీ పిచికారి దేవులాడి తీసిన. మూతికి వేలు అడ్డం పెట్టి, ఉత్త గాలి మీద వెనుక కడ్డీ నొక్కిన. సగం దాక దిగింది, ఇడిస్తే మళ్ళ పైకొచ్చింది. ఇగ నీళ్ళు నింపి నొక్కిన. కదలలే. రెండు చేతులతోటి నొక్కిన. గోడకు ఆనిచ్చి నొక్కిన. వెంట్రుకవాసి కదలలే. లోపల నీళ్ళు కాదు, బండరాయి ఉన్నట్టే ఉంది. ఇన్నేండ్లు నాతోటి తిరిగిన దోస్తు గిట్ల మొండోడని ఆ దినమే తెలిసింది.

పిచికారి పట్టుకొని ఉరికి అక్కకు చూపెట్టిన. ఆమె గూడ నొక్కింది. బలంగ నొక్కేసరికి వేలు జారి నీళ్ళన్నీ బావ మొఖాన పడ్డయి. "నేనేం చేసిన?" అన్నడు బావ. "మిక్సీ" అన్న నేను.

అక్క నవ్వలే. పిచికారిని అటిటు తిప్పి చూస్తున్నది.

"నేను తిప్పలే, సరే. కానీ ఆగేటప్పుడు అది తిరుగుతనే ఉండె గదరా. గా ఒక్క గుటకకే రాడ్ వంగి ఉంటే?"

పిచికారి ఆమె చేతిల నుంచి తీసుకొని జేబుల పెట్టుకున్న.

పొద్దున మెకానిక్ వచ్చిండు. ప్లగ్గులు నాలుగూ ఇప్పిండు. స్పానర్ పెట్టి ఇంజన్‌ను చేత్తోనే మెల్లగ తిప్పిండు. మూడో ప్లగ్గు బొక్కల నుంచి గుక్కెడు నీళ్ళు పిచికారి లెక్కనే ఎగిరినయి.

"రాడ్ వంగిందో లేదో ఇప్పకుండ తెలుస్తదా?" అని అడిగిన.

"వంగిన రాడ్ పొట్టిగైతది కదనే. అప్పుడు దాని మీది పిస్టన్ మిగతా వాటంత పైకి రాదు. ఒక పొడుగు పుల్ల తే."

నా దుకాణంల పొరకకు కొదవా? ఒక పుల్ల ఇరిచి ఇచ్చిన. ఒకటో పిస్టన్‌ను పైకి తెచ్చి, బొక్కల పుల్ల దించి, అంచు కాడ గోరుతోటి గీత పెట్టిండు. నాలుగోది దాని జోడీ, రెండూ కలిసే పైకొస్తయి. గీత గీతకు సరిపోయింది. ఇగ రెండు, మూడు. రెండోది సరిపోయింది. మూడోదాంట్ల పుల్ల ఇంకా లోపలికి దిగింది. గీత బియ్యపు గింజంత కిందికి పోయింది.

మెకానిక్ పుల్లను బొక్కలనే ఇడిసి చేతులు తుడుసుకున్నడు. అక్క ముంజేతులు పైట కొంగుల చుట్టుకుంది. ఆ మచ్చలు మాకు కనబడొద్దనో, ఆమెకే కనబడొద్దనో.

ఇగ ఆమెనే ముందుకొచ్చి ఆ పుల్లను బయటికి తీసి, ఎలుగుకు పట్టి చూసింది. నాలుగుసార్లు దిగిన పుల్ల. పొద్దున అదే పొరకతోటి నేల కడిగిన. నాని మెత్తగైన పుల్ల, లోపలి తడికి ఇంకా మెత్తబడి, కొన వాలి పక్కకు ఒంగింది.

"ఏందిరా నీ దుకాణం? ఎండిన పుల్ల ఒక్కటి లేదా?" అంది.

మెకానిక్ ఉరికిండు. పాత సైకిల్ పుల్లకు కొనకు టేపు చుట్టి తెచ్చిండు. ఇనుప పుల్ల. నాలుగూ మళ్ళ కొలిసిండు. మూడోదాని కాడికొచ్చేసరికి నేను పక్కకొచ్చి వంగి చూసిన.

గీత మీద గీత. నాలుగూ సమానం.

"రాడ్ మంచిగుంది. వంగింది నీ పొరకనే" అన్నడు మెకానిక్.

తడిసిన ఫిల్టర్ తీసి కొత్తది ఏసిండు, ఆయిల్ మార్చిండు, నీళ్ళన్నీ ఆరబెట్టి ప్లగ్గులు బిగిచ్చిండు. అక్కనే కూసొని తాళం తిప్పింది. రెండుసార్లు దగ్గి, తెల్ల పొగ ఇడిసి అందుకుంది. నాకు మళ్ళ పురుగు తొలిసింది. "అక్కా, ఒక్కసారి ఆపి మళ్ళ స్టార్ట్ చెయ్యవే, చూద్దాం."

"నీకు చూసుడే పని!" అని ఆమె బండి తోలుకొని పోయింది.

ఆడోళ్ళను గోదాముల కాడ దింపి, తిరిగి నా దుకాణం ముందుకొచ్చి హారన్ కొట్టింది. ఇంజన్ నడుస్తనే ఉంది. ఎక్కడా ఆపలేదంట. ఛాయ్‌కు గూడ దిగలేదంట. కాసేపు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకొని ఆ చప్పుడు ఇనుకుంట కూసుంది. తర్వాత ఆపి, తాళం చెవి తీసి కిటికీల నుంచి నా దిక్కు చాపింది.

"ఇంద. ఇగ చూడు."

నిన్న గంత మంది అడిగితే ఎవ్వరికియ్యని తాళం. ఆమె పిడికిట్ల ఉండి ఉండి వెచ్చగుంది. నేను కూసొని తిప్పిన.

ఒక్కసారికే అందుకుంది.